కోటమ్మ నొప్పికి నేను పెట్టిన పేరు

మట్టి బొమ్మకి నోరిచ్చి, ఆ నోటికి మాట ఇచ్చి, ఆ మాటలోకి తానే వచ్చి కూర్చున్న పరమేశ్వరుడికి ముందుగా నమస్కారం. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పాను. గొంతు పోకుండా, విసుగు రాకుండా నన్ను నడిపించినవాడు ఆయనే. నేను తప్పుగా పలికినప్పుడు మనుషుల చేత ఆ తప్పు చెప్పించినవాడూ ఆయనే. ఈ కాగితాల్లో మంచి ఏదైనా ఉంటే అది ఆయనది. తప్పులు నావి. అందులో ఒక పెద్ద తప్పు గురించే ఇది రాస్తున్నాను.

ఈమధ్య ఉద్యోగంలో చేరిన తెలుగు టీచర్లు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. "మేడమ్, పద్యం చెప్తే పదాలు అర్థం కావంటారు. సొంతంగా నాలుగు వాక్యాలు చెప్పమంటే మాటలు రావంటారు. పిల్లలకి మాటలు ఎలా నేర్పాలి?" అని అడిగారు. ఆ రోజు కాఫీ తాగుతూ చెప్పిన సంగతుల్ని ఇప్పుడు కాస్త నెమ్మదిగా చెబుతున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు ఇందులో ఉండవు. అవి అందరికీ ఒకటే.

అర్థం చెప్పే పిల్ల

మా నాన్నగారు వినుకొండ దగ్గర ఒక పల్లెలో అర్చకులు. కార్తీకమాసం సాయంత్రాల్లో గుడి మండపంలో పురాణం చెప్పేవారు. ఆయనకి ఆయాసం. పద్యం రాగం తీసి చదివాక అర్థం చెప్పే ఓపిక ఉండేది కాదు. అందుకని నాకు పదేళ్ళు నిండేసరికి ఆ పని నా మీద పడింది. పద్యం ఆయనది, అర్థం నాది. ఎదురుగా పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్న ఆడవాళ్ళు.

మొదట్లో పుస్తకంలో ఉన్న అర్థం అప్పజెప్పేదాన్ని. "క్రోధావిష్టుడై, అనగా మిక్కిలి కోపము కలవాడై..." అని. ముందు వరసలో వెంకమ్మ అనే ముసలావిడ కూర్చునేది. గొంతు పెద్దది.

"అట్టా కాదే పిల్లా. ఏపాటి కోపం? మొగుడి మీద వచ్చే కోపమా, మొండి ఎద్దు మీద వచ్చే కోపమా?"

మండపమంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. నాన్నగారు మాత్రం, "చెప్పమ్మా, అడుగుతున్నారు కదా" అన్నారు. నేను ఆ కథంతా మళ్ళీ మనసులో తిప్పుకుని, "కన్నబిడ్డని ఎవరో కొడితే వచ్చే కోపం" అన్నాను.

వెంకమ్మ తల ఊపింది. "అదీ! అట్టా చెప్పు. ఇక కానీయండి పంతులుగారూ."

మాట అవతలివాళ్ళకి చేరిందా లేదా అన్నదానికి ఆ తల ఊపుడే కొలత. ఆ సంగతి పదేళ్ళకే తెలుసుకున్నదాన్ని, పెద్దయి తెలుగు చదువుకున్నాక మర్చిపోయాను.

నాన్నగారి దగ్గర విని మర్చిపోయినది ఇంకొకటి ఉంది. సోమవారాలు సహస్రనామ పూజ చేసేవారు. ఒక్కో పేరుకి ఒక్కో మారేడు దళం నేను అందించాలి. చేతులు నొప్పి పుట్టి ఒకసారి అడిగాను: "నాన్నా, ఉన్నది ఒక్క శివుడే కదా. వెయ్యి పేర్లెందుకు?"

"పిలిచేవాళ్ళు వెయ్యిమంది కాబట్టి" అన్నారాయన. "విషం చూసి బెదిరినవాళ్ళు నీలకంఠా అన్నారు. చావు చూసి బెదిరినవాడు మృత్యుంజయా అన్నాడు. ఎవరి కష్టంలోంచి వాళ్ళకి ఆ పేరు దొరికింది. అందుకే ఒక పేరు తీసేసి దాని బదులు ఇంకోటి పెట్టకూడదు."

నాకు అప్పుడు పూజ త్వరగా అయిపోతే పులిహోర తినాలన్న తొందర. విన్నాను, అంతే.

గోడ మీది అట్ట

ఉద్యోగంలో ఎక్కువ కాలం ప్రత్తిపాడు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో గడిచింది. పత్తి, మిర్చి తప్ప మూడో కబురు వినపడని ఊరు. మిరపకాయలు కోతకొచ్చాయంటే బడి గోడ అవతల ఖాళీ స్థలాలన్నీ కళ్ళాలయ్యేవి. కోసిన కాయ అక్కడే పరిచి ఎండబెడతారు. గాలి ఇటు తిరిగిందంటే తొమ్మిదో తరగతి మొత్తం ఒకేసారి తుమ్మేది. కిటికీలు మూసి మళ్ళీ పద్యం ఎత్తుకునేదాన్ని.

నాకు నా భాష మీద గర్వం ఉండేది. కష్టపడి నేర్చుకున్న పదాలు కదా, వాటిని మించినవి లేవనుకునేదాన్ని. పిల్లలు "గుంజుద్ది", "పీకుద్ది", "సుర్రుమంది" అంటే నా చెవికి రాయి తగిలినట్టుండేది. ఒక అట్ట మీద రెండు వరసలు రాసి తరగతి గోడకి తగిలించాను. ఎడమవైపు వాడకూడని మాటలు. కుడివైపు వాటి బదులు వాడవలసిన మంచిమాటలు. ఎడమవైపు పోటు, సలుపు, తీపు, పీకుడు, గుంజుడు, లాగుడు అని ఆరు ఉండేవి. వాటన్నిటికీ ఎదురుగా కుడివైపు ఒకే ఒక్క మాట, 'వేదన'. ఆరింటి పని ఒక్కటి చేస్తుంటే ఎంత బాగుందో అనుకున్నాను.

ఆ సంవత్సరం పదో తరగతిలో శివకుమారి అని ఒక అమ్మాయి ఉండేది. తల్లి కోటమ్మ, తండ్రి సాంబయ్య. సొంతం ఒక ఎకరం, కౌలుకి రెండు ఎకరాలు మిర్చి వేసేవారు. గోడపత్రిక కోసం పిల్లలందరినీ ఇంటి గురించి ఒక కవిత రాయమన్నాను. శివకుమారి రాసింది ఇది:

కాయ చేతిలోకి తీసుకుని ఊపుద్ది మా అమ్మ.
లోపల గింజ గలగలమంటే ఎండినట్టు.
అమ్మ నడుం కూడా రాత్రికి గలగలమంటది.
అమ్మ ఇంకా ఎండలేదు,
పొద్దున్నే మళ్ళీ కళ్ళంలోకి పోయిద్ది.

ఇవాళ ఆ అయిదు వరసలు తలచుకుంటే లేచి నిలబడాలనిపిస్తుంది. ఆ రోజు నేను ఎర్రసిరా పెన్ను తీసి 'ఊపుద్ది' కింద గీత, 'పోయిద్ది' కింద గీత, 'నడుం గలగలమంటది' పక్కన 'అసంబద్ధం' అని రాశాను. చివర, "భావం ఫరవాలేదు. గ్రామ్యం ఎక్కువ. అట్ట చూసి తిరిగి రాయి" అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు తిరిగి రాసుకొచ్చింది. 'అరుణ వర్ణ శోభితమైన క్షేత్రమందు మాతృమూర్తి శ్రమించుచున్నది' అని మొదలైంది. అక్షరం తప్పు లేదు. గోడపత్రికలో మధ్యన అంటించాను. ఎవరూ ఆగి చదవలేదు. శివకుమారి కూడా అటు చూడకుండా నడిచేది.

చాక్‌పీసు గీతలు

మా హెడ్మాస్టరు లెక్కల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆయన ముఖంలో నవ్వు చూసినవాళ్ళు లేరు. పాఠాలు చూడటానికి వస్తే వెనక బల్ల మీద కూర్చుని, పలక మీద చాక్‌పీసుతో ఏవో గీతలు పెట్టుకునేవారు. ఒకరోజు నా పాఠం అయ్యాక స్టాఫ్ రూంలో ఆ పలక నా ముందు పెట్టారు.

"నలభై నిమిషాలమ్మా. పిల్లలు నోరు విప్పినప్పుడల్లా ఒక గీత పెట్టాను. మొత్తం పదకొండు. అందులో తొమ్మిది 'ఎస్ మేడమ్'. ఒకటి 'నో మేడమ్'."

"ఇంకొకటేంటండీ?"

"తుమ్ము."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన నవ్వలేదు. "ఈత నేర్పేవాడు గట్టు మీద పిల్లల్ని కూర్చోబెట్టి తనే ఈదుతూ ఉంటే ఎట్టాగమ్మా?" అని పలక తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

లెక్కల ఆయనకి పద్యం సంగతి ఏం తెలుసు అని వారం రోజులు లోపల్లోపల కోపంగా ఉన్నాను. చిన్నవాళ్ళకి ఒక మాట. మీ పాఠంలో తప్పు పట్టినవాళ్ళు మీ సబ్జెక్టు వాళ్ళు కాకపోతే ఇంకాస్త శ్రద్ధగా వినండి. వాళ్ళకి మీతో పోటీ లేదు.

మాటసాయం

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. గుంటూరులో ఆఫీసుకి గానీ ఆస్పత్రికి గానీ వెళ్ళాల్సివస్తే బడి టీచర్లలో ఒకరిని తోడు తీసుకుపోతారు. డబ్బు కోసం కాదు, దారి కోసమూ కాదు. మాటసాయానికి. మనకి నోరు తిరగదు, పంతులమ్మ అయితే చక్కగా చెబుతుంది అని. తెలుగు టీచరునని నన్ను ఎక్కువ పిలిచేవారు. నాకూ అది గొప్పగానే ఉండేది.

కాయ కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో శివకుమారి వచ్చి, "అమ్మకి బాలేదు టీచర్. శనివారం గుంటూరు బ్రాడీపేట డాక్టరుగారి దగ్గరికి పోతన్నాం. అమ్మ మిమ్మల్ని రమ్మంటంది" అంది. సరేనన్నాను. ముగ్గురం బస్సెక్కాం. బస్సులో కోటమ్మని అడిగాను, ఏమిటమ్మా ఇబ్బంది అని.

"ఏం లేదు టీచరమ్మా. కాయ తట్ట నెత్తిన పెట్టుకుని కళ్ళం గట్టు ఎక్కుతానా, ఇదుగో ఇక్కడ ఎవురో పిడికిలి పెట్టి బిగించినట్టు పట్టేసిద్ది. ఆడ నుంచి దవడ దాకా లాగిద్ది. తట్ట దించి కూచున్నానా, మజ్జిగ తాగినంత సేపట్లో వదిలేసిద్ది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ మొదలు. ఆ తట్టకీ నాకూ ఏందో పగ ఉంది."

"పని తప్పించుకోటానికి వంకలు టీచర్" అంది శివకుమారి నవ్వుతూ.

"ఓసే, నువ్వొచ్చి ఎత్తవే ఒక తట్ట. వంకో, డొంకో తెలుసుద్ది."

నేనూ నవ్వాను. బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆ చిన్న ఆస్పత్రిలో గంటన్నర కూర్చున్నాం. లోపలికి పిలిచారు. డాక్టరు చిన్నవాడే, మర్యాదస్తుడు. బయట ఇరవైమంది కాచుకుని ఉన్నారు.

"ఏంటమ్మా ఇబ్బంది?"

"అదేనయ్యా, తట్ట ఎత్తుకుని..." అని కోటమ్మ మొదలుపెట్టింది. నేను ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి, "నేను చెప్తానుండమ్మా" అన్నాను.

"ఛాతీలో మంటగా, నొప్పిగా ఉంటోందండీ. తరచుగా వస్తోంది. మిరపకాయల్లో పని కదా, ఆ ఘాటు వల్లనేమో" అన్నాను.

"తిన్నాక ఎక్కువవుతుందా?"

"ఒక్కోసారి అవుతుందండీ" అన్నాను. కోటమ్మని అడగకుండానే.

ఇ.సి.జి. తీశారు. బరువేమీ ఎత్తకుండా పడుకుని ఉన్న మనిషికి తీసినది. అందులో తేడా ఏమీ కనిపించలేదు. కడుపులో మంటకి మందులు రాసిచ్చారు. మెట్లు దిగుతూ కోటమ్మ నన్ను అడిగింది.

"నేను చెప్పిందంతా చెప్పారా టీచరమ్మా? తట్ట సంగతి?"

"చెప్పానమ్మా. మంచిమాటల్లో చెప్పాను."

"అట్టనా. అయితే మంచిదే" అంది ఆవిడ.

చదువుతున్నవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆమె మాటల్లో తట్ట ఉంది, గట్టు ఉంది, పిడికిలి ఉంది, దవడ ఉంది, మజ్జిగ తాగినంత సేపు ఉంది. డాక్టరుకి కావలసినవన్నీ వరసగా పేర్చి పెట్టింది. వాటన్నిటినీ తీసేసి నేను 'తరచుగా' అన్నాను. గోడ మీద ఆరు మాటలకి ఒక మాట పెట్టిన అలవాటే అక్కడా పనిచేసింది.

మళ్ళీ అదే గది

మూడు వారాలకి ఒక మధ్యాహ్నం అదను కాని మబ్బు పట్టింది. కళ్ళంలో కాయ తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. ఊరంతా పరుగెత్తింది. కోటమ్మ ఊపిరి తీసుకోకుండా తట్ట మీద తట్ట మోసి, చివరికి కాయల రాశి మీదే కూలబడిపోయింది. ఒళ్ళంతా చెమట. సాంబయ్య అప్పటికే బస్తాలతో మిర్చి యార్డుకి వెళ్ళి ఉన్నాడు. శివకుమారి కళ్ళంలోంచి బడికి పరుగెత్తుకొచ్చింది. పక్కింటివాళ్ళ కారులో బయలుదేరాం. ఆ కంగారులో మాకు తోచిన డాక్టరు ఆయనొక్కడే.

బ్రాడీపేట చేరేసరికి కోటమ్మకి పట్టు కాస్త వదిలింది. "తగ్గింది, వెనక్కి పోదాం. కాయ ఎవురు ఎత్తారో ఏమో" అంటోంది. నాకు భయం అక్కడే పట్టుకుంది. తగ్గిందని చెబితే మళ్ళీ ఆ మాత్రలే ఇచ్చి పంపిస్తారు. ఈసారి ఇంటికి పంపిస్తే ఆవిడ బతకదని నాకు ఎవరో చెవిలో చెప్పినట్టు తెలిసిపోయింది. శివా, శివా అనుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాను.

"మీరు చెప్పండి టీచర్" అంది శివకుమారి.

నోటి దాకా వచ్చింది. అప్పుడు ఎందుకో ఆ పలక మీద చాక్‌పీసు గీతలు గుర్తొచ్చాయి. "నువ్వు చెప్పు" అన్నాను.

"నాకు మంచిమాటలు రావు టీచర్."

"మంచిమాటలు వద్దమ్మా. మీ అమ్మ ఇంట్లో ఏమంటదో అదే చెప్పు."

ఆ పిల్ల నా ముఖం చూసింది. కళ్ళనిండా నీళ్ళు. "పట్టేసిద్ది, లాగిద్ది అనొచ్చా? డాక్టరుగారి దగ్గర?"

తల్లి ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా పదో తరగతి పిల్ల నా అట్టకి భయపడుతోంది. నా ముప్పై నాలుగేళ్ళలో నాకు పడిన శిక్ష అదొక్కటే. అది చాలు.

"అనాలి" అన్నాను. "ఒక్క మాట కూడా మార్చకు."

లోపలికి వెళ్ళి చెప్పింది. మొదట నా వైపు చూస్తూ చెప్పింది. తర్వాత డాక్టరుగారి వైపే తిరిగింది. తట్ట ఎత్తి గట్టెక్కేటప్పుడే వస్తుందని, పిడికిలి బిగించినట్టు పట్టేస్తుందని, దవడ దాకా లాగుతుందని, దించితే పోతుందని, ఇవాళ మాత్రం దించినా పోలేదని. డాక్టరు రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

"దవడ దాకానా? దించితే ఎంతసేపట్లో పోయేది?"

"మజ్జిగ తాగినంత సేపట్లో సార్."

"కూర్చునేటప్పుడు, పడుకునేటప్పుడు ఎప్పుడైనా వచ్చిందా అమ్మా?" ఈసారి ఆయన కోటమ్మనే అడిగారు.

"లేదయ్యా. తట్ట ఎత్తితేనే. తట్టకే పగ."

ఆయన లేచి ఫోన్ చేశారు. ఆవిడ నాలుక కింద ఒక మాత్ర పెట్టించి, గుండె ఆస్పత్రికి పంపే ఏర్పాటు చేశారు. స్ట్రెచర్ బయటికి వెళ్ళాక నా వైపు తిరిగారు.

"టీచరుగారూ, మొన్న ఈ సంగతులు చెప్పలేదేంటండీ?"

"ఆవిడ చెప్పిందండీ. నేనే మీకు చెప్పలేదు."

ఆయన పెన్నుకి మూత పెట్టారు. "ఆవిణ్ణి నేనూ అడగలేదు లెండి" అన్నారు. మంచివాడు. ఆ మాటతో నా తప్పు సగం తన మీద వేసుకున్నాడు గానీ నేను ఇవ్వదలచుకోలేదు.

గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టం పూడిపోయిందన్నారు. స్టెంట్ వేశారు. ఆ తలుపు బయట బెంచీ మీద నేనూ శివకుమారీ కూర్చున్నాం. నేను మనసులో నామం చెప్పుకుంటున్నాను. ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"అమ్మది నొప్పి కదా టీచర్. మరి నాదేంటి? నాకు ఎక్కడా పోటు లేదు, లాగటం లేదు. కానీ కూచోలేకపోతన్నా." మళ్ళీ తనే అంది, "వేదన అంటే ఇదేనేమో."

నేను ఏడాదంతా గోడ మీద తగిలించి నేర్పలేని మాట ఆ బెంచీ మీద ఆ పిల్లకి అబ్బింది. 'వేదన' చెడ్డ మాట కాదు. దాని చోటు వేరు. ఇంకో ఆరు మాటల చోట్లు లాక్కుని దాన్ని కూర్చోబెట్టింది నేను.

కోటమ్మ బతికింది. కానీ గుండెలో కొంత భాగం దెబ్బతింది. మూడు వారాల ముందే పట్టుకుని ఉంటే అది కూడా మిగిలేదేమో, నాకు తెలియదు. ఆవిడ మళ్ళీ తట్ట ఎత్తలేదు. చూడటానికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమన్నాను. ఆవిడ పెద్దగా నవ్వబోయి, ఆయాసం వచ్చి ఆగిపోయింది.

"నా రోగానికి అంత మంచి తెలుగు దేనికి టీచరమ్మా? రోగం నాటుది కదా!"

అట్ట తీసేశాక

సోమవారం బడికి వెళ్ళగానే ఆ అట్ట తీసేశాను. పిల్లలకి ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. టీచరు తన తప్పు పిల్లల ముందు ఒప్పుకుంటే లోకువైపోతుందని మా కాలంలో అనేవారు. అవలేదు.

ఆ తర్వాత నేను పదాలు నేర్పిన పద్ధతి చాలా మామూలుది. ప్రతి సోమవారం ఒక్కొక్కరు ఒక మాట తేవాలి. పూజకి పువ్వు తెచ్చినట్టు. ఎవరి దగ్గర తెచ్చారో, ఆ మనిషి ఏ సందర్భంలో ఆ మాట అన్నారో చెప్పాలి. మాట పక్కన ఆ మనిషి పేరు రాసేవాళ్ళం. 'తాలు: మా నాయనమ్మ, కాయలు ఏరేటప్పుడు' అని ఒకరు తెచ్చారు. రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయని తాలు అంటారు. మరుసటి వారం ఇంకో పిల్ల, పస లేని ఉపన్యాసం విని, "అంతా తాలే టీచర్" అంది. మాట నిఘంటువు దాటి నడవడం మొదలుపెట్టిందంటే ఇక దాని గురించి టీచరు దిగులు పడక్కర్లేదు.

పద్యాల్లో పదాలు కూడా అలాగే చెప్పాను. పద్యంలో 'కరుణ' వస్తే, ఎవరి మీద, ఎంతటి కరుణ, మీ ఇంట్లో అలా ఎవరు చూస్తారు అని అడిగేదాన్ని. వెంకమ్మ నాకు నేర్పిన ప్రశ్న అది. పిల్లలు తల ఊపేదాకా తర్వాతి పద్యానికి వెళ్ళేదాన్ని కాదు. సిలబస్ వెనకబడేది. హెడ్మాస్టరుగారు ఒకసారి వచ్చి కూర్చున్నారు. పోతూ పోతూ, "పలక చాల్లేదమ్మా" అన్నారు. నవ్వారని చెప్పలేను.

ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. సంస్కృత పదాలన్నీ బరువు, ఇంటి మాటలే ప్రాణమున్నవి అని ఈమధ్య కొందరు అంటున్నారు. అది నా పాత అట్టనే తిరగేసి తగిలించడం. కోటమ్మ అక్షరం చదువుకోలేదు గానీ, 'అనుగ్రహం' అనే మాట ఎక్కడ వాడాలో నాకన్నా బాగా తెలుసు. గుడిలో, భజనలో, హారతి ముందు నిలబడి ఆ మాట ఆవిడకి అబ్బింది. ఎక్కడి నుంచి వచ్చిందనే దాని కన్నా ఎవరితో బతికిందనేది ముఖ్యం.

మా ఇంటి కింద ఒక కోచింగ్ సెంటరు ఉంది. పొద్దున్నే పిల్లలు పర్యాయపదాలు వల్లె వేస్తుంటారు, ఫోన్ నంబర్లు బట్టీ పట్టినట్టు. కంఠస్థం చెడ్డదని నేనను. వెయ్యి నామాలు కంఠస్థం చేసిన ఇంట్లో పుట్టాను. కానీ నాన్నగారికి ప్రతి నామం వెనకాల ఒక మొర తెలుసు. ఆ మొర చెప్పకుండా పేర్లు మాత్రమే బట్టీ పట్టించడం దొంగ పని. పరీక్షలో మార్కులు వస్తాయి, ఆపదలో నోరు రాదు.

శివకుమారి ఇప్పుడు ఆ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. మూడేళ్ళ పిల్లలకి మొట్టమొదటి మాటలు నేర్పుతోంది. కొన్నేళ్ళ క్రితం ఆమెని అడిగాను, ఆ పాత కవిత ఉందా, నేను ఎర్రగీతలు పెట్టకముందుదని. "ఆ నోటుబుక్కు పోయింది టీచర్" అంది. మళ్ళీ రాయమన్నాను. "అప్పుడు వచ్చింది గానీ ఇప్పుడెట్టా వచ్చిద్ది?" అని నవ్వి ఊరుకుంది. తర్వాత ఏం రాసిందో, రాయలేదో నాకు చూపించలేదు. పైన నేను రాసిన అయిదు వరసలు నాకు గుర్తున్నవి మాత్రమే. ఒకటి రెండు మాటలు తేడా ఉంటే ఆమె నన్ను క్షమించాలి.

ఒక పేరు

రిటైరయ్యాక బ్రాడీపేటలోనే ఉంటున్నాను. సోమవారం సాయంత్రాలు మా హాల్లో పదిహేనుమంది కూర్చుని శివపూజ చేసుకుంటాం. ఒక్కొక్కరు ఒక్కో పువ్వు వేసి ఒక్కో నామం చెబుతారు. నామాలు రానివాళ్ళు 'నమశ్శివాయ' అంటారు. కోటమ్మ ఆర్నెల్లకోసారి గుండె పరీక్షకి వచ్చి, నన్ను చూసి పోతుంది. మొన్న వచ్చినప్పుడు సోమవారం అయింది. ఉండమన్నాను.

వరస ఆమె దాకా వచ్చింది. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళు, నామాలు గడగడా చెప్పినవాళ్ళు. కోటమ్మ చేతిలో మందారం పట్టుకుని నా వైపు చూసింది.

"నాకు పేర్లు రావు టీచరమ్మా. మీరు చెప్పండి, నేను పువ్వేస్తా."

చెప్పడం నాకు క్షణం పని. నోరు మూసుకుని కూర్చున్నాను. "నీకు తోచినట్టు పిలువమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించింది. తర్వాత రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తింది, బరువు పట్టుకున్నట్టు. మెల్లగా కిందికి దించి పువ్వు స్వామి పాదాల దగ్గర పెట్టింది.

"తట్ట దించినయ్యా, నీకు దండం" అంది.

వెయ్యి నామాల్లో ఆ పేరు లేదు. నాన్నగారు ఉంటే మారేడు దళం ఒకటి అందించి, వెయ్యిన్నొకటోది అనేవారు.

ఇది చదువుతున్న తల్లీ, తండ్రీ, రేపు బడిలో అడుగుపెట్టబోయే టీచరూ, ఇక నాతో పాటు ఒక్కసారి కళ్ళు మూసుకోండి. మీకు నేర్పిన పేర్లు పక్కన పెట్టండి. మీ కష్టంలోంచి మీకు దొరికిన పేరు ఏదుందో ఆ పేరుతో, మీ ఇంటి మాటల్లో, ఆయన్ని పిలవండి. నేను కోటమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న పేరుతో పిలుస్తున్నాను. తట్ట దించినయ్యా, నీకు దండం. మాకు మాటనిచ్చావు. అవతలివాళ్ళ మాట తీసేసుకోని బుద్ధి కూడా ఇవ్వు.